పదమూడు మంది ఏటి రౌతులు

మా బావ, అంటే మా అక్క మొగుడు, బస్ స్టేషన్లో విచారణ కౌంటరు గుమాస్తా. ఇరవై ఆరేళ్ళుగా అదే కిటికీ, అదే మైకు. కిటికీ పైన 'విచారణ' అని అతికించిన రేకు అక్షరాల్లో చివరిది ఎప్పుడో ఊడిపోయింది. ఇప్పుడక్కడ 'విచార' అని మాత్రమే ఉంటుంది. దాన్ని బాగుచేయించమని ఆయన తొమ్మిది అర్జీలు పెట్టాడు. డ్రైవర్లు మాత్రం ఆయన్ని 'విచారంగారూ' అనే పిలుస్తారు. ఆ పేరు మా అక్కకి భలే నచ్చింది. ఇన్నాళ్ళకి సరైన పేరు పెట్టారంది.

నిజానికి ఆయన విచారంగా ఉండే మనిషి కాదు. నెమ్మదైన మనిషి, అంతే. రోజుకి నాలుగైదు వందల మంది ఆ కిటికీలో తల దూర్చి ఆయన్ని తిడతారు. బస్సు రాకపోతే ఆయన్నే, వచ్చి వెళ్ళిపోతే ఆయన్నే, సీటు దొరక్కపోయినా ఆయన్నే. నేనైతే మొదటిరోజే మైకు విసిరికొట్టి ఇంటికొచ్చేసేవాణ్ణి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఊరందరికీ తెలుసు. బావ మాత్రం కళ్ళజోడు సర్దుకుని, తిట్టే మనిషి ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు, "ఏ ఊరికండీ?" అని అడుగుతాడు.

ఆ కౌంటరులో వాళ్ళకో సొంత భాష ఉంది. మైకులో "వస్తోంది" అన్నారంటే బస్సు గేటు దగ్గర కంటికి కనబడిందని అర్థం. "కాసేపట్లో" అంటే ముందు స్టేషన్ దాటినట్టు ఫోన్ వచ్చిందని. "త్వరలో" అంటే ఆ బస్సు ఎక్కడుందో ఈ భూమ్మీద ఎవరికీ తెలియదని. ఉద్యోగంలో చేరినరోజే పెద్ద గుమాస్తా ఇది నేర్పాడట. తెలియదంటే జనం మీద పడతారు, త్వరలో అంటే బల్ల మీద కూర్చుంటారు అని. మూడేళ్ళపాటు మా ఇంట్లో నడిచిన గొడవంతా ఈ ఒక్క మాట మీదే నడిచింది.

బావకీ నాకూ ఒక ఆట ఉంది. ఈ వయసులో ఇదేం ఆట అని నవ్వేవాళ్ళు ముందే నవ్వేసుకోండి, నేను ఆగుతాను. బొటనవేలంత ప్లాస్టిక్ సైనికులు. చేతులు, తలలు, కత్తులు అన్నీ విడివిడి ముక్కలుగా వస్తాయి. వాటిని కత్తిరించి, అతికించి, సన్న కుంచెతో రంగులు వేసి, పెద్ద బల్ల మీద రెండు సైన్యాలుగా నిలబెట్టాలి. ఎంత దూరం జరపాలో టేపుతో కొలిచి, ఎవరు గెలిచారో పాచికలు వేసి తేల్చుకోవాలి. ఒక్క యుద్ధానికి ఆదివారమంతా పడుతుంది. నాది కొండ దండు. బావది ఏటి దండు. పదకొండేళ్ళలో ఆయన నూట నలభై ఇద్దరు సైనికులకి రంగులు వేశాడు. ఒక్కొక్కడి కంటిలో తెల్లగుడ్డు, నల్లగుడ్డు వేరువేరుగా కనబడతాయి. నా వాళ్ళకి ముఖాలున్నాయంటే అదే గొప్ప.

ఏటి దండుకి ఆయువుపట్టు గుర్రపు రౌతులు. పన్నెండు మంది రౌతులు, వాళ్ళ ముందు జెండా పట్టుకున్నవాడొకడు. ఆట నియమాల పుస్తకంలో వాళ్ళకి నాలుగు పేజీలు కేటాయించారు. ఎలా దూకుతారు, ఎంత దూరం దూకుతారు, శత్రువులు ఎలా చెల్లాచెదురవుతారు, అన్నీ రాశారు. బొమ్మలు మాత్రం తయారుచెయ్యలేదు. బావ పదమూడు అట్టముక్కలు కత్తిరించి, ఒక్కోదాని మీద 'గుర్రం' అని ముద్దుగా రాసి బల్ల మీద పెట్టేవాడు. నేను తుమ్మితే ఆయన రౌతులు ఎగిరిపోయేవాళ్ళు.

మూడేళ్ళ కిందట ఆ బొమ్మలు చేసే కంపెనీవాళ్ళు ఆ రౌతుల ఫొటో వేసి కింద 'త్వరలో' అని రాశారు. ఆ సాయంత్రం బావ డ్యూటీ దిగి తిన్నగా బొమ్మల షాపుకి వెళ్ళి, ఎదురుచూసేవాళ్ళ జాబితాలో మొదటి పేరుగా తన పేరు రాయించుకొచ్చాడు. మరుసటి నెల అదే ఆటలోని ఇంకో సైన్యం, ఇనుప దండుకి కొత్త ఫిరంగి వచ్చింది. పై నెల ఇనుప దండుకి కొత్త సేనాపతి. ఆ పై నెల అదే సేనాపతి, ఈసారి టోపీ లేకుండా. ఇనుప దండు అంటే జనానికి మోజు, ఏది వేసినా అమ్ముడుపోతుంది. కాబట్టి బొమ్మలన్నీ వాళ్ళకే. ఏటి దండు ఆడేవాళ్ళు సవతి పిల్లలు. ఆరు నెలలకోసారి 'మిమ్మల్ని మరిచిపోలేదు, త్వరలో' అని ఓ ముక్క పడేస్తారు. నేను ఒంటికాలి మీద లేచి వాళ్ళకి ఏడు ఉత్తరాలు రాశాను. ఒకదానికి జవాబొచ్చింది, మీ ఉత్సాహానికి కృతజ్ఞతలు అని. నేను రాసినదాన్ని ఉత్సాహం అన్నవాడి ఓర్పుకి దణ్ణం పెట్టాలి.

"ఆవేశపడకురా," అనేవాడు బావ. "వాళ్ళకీ పైనుంచి ఫోన్ వచ్చి ఉండదు."

ఆయన అంత నిదానంగా ఉండటం రెండేళ్ళ కిందటి వరకే. అప్పుడు కుడికంట్లో మచ్చ పడింది. సరిగ్గా చూసే చోటే మసక, పక్కలు మాత్రం బాగానే కనబడేవి. కళ్ళజోడు మార్చుకుంటే సరిపోతుందిలే అని నాలుగు నెలలు నానబెట్టాడు. ఆ కన్ను దక్కలేదు. కిందటి చలికాలం ఎడమకంట్లోనూ అదే మొదలైంది. ఈసారి ఆగకుండా వెళ్ళాం. డాక్టరమ్మ కంటిలోకే సూదిమందు వేసింది. అక్క బయట గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని నిలబడింది, సూది తనకే గుచ్చుతున్నట్టు.

డాక్టరమ్మ ఏదీ దాచలేదు. చదవడం, మనుషుల మొహాలు గుర్తుపట్టడం, సన్న పని, ఇవన్నీ చేసేది కంటి మధ్యలో ఉన్న ఆ చిన్న చుక్కేనని చెప్పింది. "దాన్ని ఎన్నాళ్ళు కాపాడగలనో చెప్పలేనండీ. ఏడాది కావచ్చు, ఆరు నెలలు కావచ్చు. చెయ్యాలనుకున్న సన్న పని ఏదైనా మిగిలుంటే ఇప్పుడే చేసుకోండి."

"పదమూడు గుర్రాలకి రంగులు వెయ్యాలండీ," అన్నాడు బావ.

ఆవిడ నాకేసి చూసింది, ఈయనకి కళ్ళతోపాటు ఇంకేమైనా పోయిందా అన్నట్టు. నేను విషయం చెప్పాను. అయితే మొదలుపెట్టండి, ఆలస్యమెందుకు అంది.

"ఇంకా రాలేదండీ," అన్నాడు బావ.

ఆవిడ ఒక గళ్ళ కాగితం ఇచ్చి పంపింది. రోజూ పొద్దున్నే దాన్ని చూడాలి. గీతలు తిన్నగా ఉంటే పర్లేదు, ఎక్కడైనా వంగినట్టు కనబడితే ఆ రోజే పరిగెత్తుకు రావాలి. అక్క దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది. పొద్దున్నే బావ దాని ముందు నిలబడతాడు. ఆయన కాగితాన్ని చూస్తాడు, అక్క ఆయన మొహాన్ని చూస్తుంది. "తిన్నగానే ఉన్నాయి," అన్నాకే పాలు పొయ్యెక్కుతాయి. ఆ ఇంట్లో ఏ మాట అనాలన్నా భయమయ్యేది. ఒకసారి అక్క ఎవరితోనో ఫోన్లో, మీకోసం కళ్ళు కాయలు కాచాయనబోయి సగంలో నాలిక కరుచుకుంది.

ఒక ఆదివారం ఆట మధ్యలో బావ నాతో అన్నాడు. "కళ్ళు పోతాయంటే భయంగానే ఉందిరా. సగం పని మీద పోతాయేమోనని ఇంకా భయంగా ఉంది." ఆయన నోటి వెంట భయం అన్న మాట నేను వినడం అదే మొదలు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన అనౌన్స్ చేసిన బస్సులు ఒక్కటీ ఆయన చెప్పుచేతల్లో లేవు. ఎవరో పంపిస్తే వస్తాయి, ఎవరో ఆపితే ఆగుతాయి. ఆయన చేతిలో మొదలై ఆయన చేతిలోనే పూర్తి కావలసింది ఆ దండు ఒక్కటే.

వేసవి మొదట్లో కంపెనీ మళ్ళీ ఓ ముక్క రాసింది. బావ భూతద్దం పెట్టి చదివాడు. చదివి, మైకులో అన్నట్టే తాపీగా, "త్వరలో," అన్నాడు. ఎక్కడుందో ఎవరికీ తెలియదన్నమాట. లేచి, కుంచెలన్నీ కడిగి, తుడిచి, డబ్బాలో పెట్టి, మూత బిగించాడు. తిట్టినా బాగుండేది.

నాది కట్టుడు పళ్ళు తయారుచేసే పని. దంతవైద్యులు కొలతలు పంపిస్తారు. నేను మైనంతో చెక్కి, అచ్చు తీసి, గట్టిపడే రెజిన్ ద్రవం పోసి, పళ్ళు చేసి పంపిస్తాను. ఇరవై ఏళ్ళుగా నా వేళ్ళ సందున తిరిగేవన్నీ గోరు కన్నా చిన్న వస్తువులే. ఆ రాత్రంతా కంపెనీని తిట్టుకుని, పొద్దున్న వర్క్‌షాపు తాళం తీస్తుంటే బుర్రకి తట్టింది. గుర్రం మాత్రం ఎందుకు చెక్కలేను?

ఫొటోని పెద్దది చేయించి గోడకి అంటించాను. మధ్యాహ్నం భోజనం వేళ తలుపు వేసుకుని చెక్కేవాణ్ణి. మొదటి గుర్రం కుక్కలా వచ్చింది. రెండోది కడుపుతో ఉన్న కుక్కలా వచ్చింది. ఐదోది గుర్రమే. ఫొటోలో గుర్రాలన్నీ దౌడు తీస్తూ నోళ్ళు తెరిచి ఉన్నాయి. కాళ్ళ దగ్గర, తోకల దగ్గర తంటాలు పడ్డాను కానీ, నోళ్ళ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే నడిచింది. ఈ ఒక్క చోట కంపెనీవాడు కూడా నా ముందు బలాదూర్ అనుకున్నాను.

అక్క ఒకరోజు చెప్పకుండా వచ్చి చూసేసింది. బల్ల మీద పళ్ళ సెట్ల పక్కన ఏడు మైనపు గుర్రాలు. నేను తలగోక్కుంటూ నిలబడ్డాను. చాలాసేపు చూసి, "తోకలు ఇంకాస్త పొడుగ్గా ఉండాలేమోరా," అంది.

"కంపెనీవే వచ్చాయని చెబుతానక్కా. నేను చేశానంటే పెట్టెలో పెట్టి దాస్తాడు, రంగు వెయ్యడు. అసలువే కావాలంటాడు, అవొచ్చేదాకా ఆగుతానంటాడు. అవి రావు."

"తెలిసిపోతేనో?"

"ఎలా తెలుస్తుంది?"

"ఇరవై ఆరేళ్ళుగా జనం చెప్పే అబద్ధాలు వినే మనిషిరా ఆయన," అంది అక్క. కానీ వద్దనలేదు.

పదమూడు గుర్రాలకీ, వాటి మీది రౌతులకీ కలిపి ఆరు వారాలు పట్టింది. రెజిన్ పంటిరంగులో ఉంటుంది కాబట్టి పైన బూడిదరంగు పూత కొట్టాను. బొమ్మల షాపాయన కాళ్ళావేళ్ళా పడితే ఓ కంపెనీ కవరు ఇచ్చాడు. అడిగితే ఏం చెప్పాలో కూడా ఆయనకి నేర్పిపెట్టాను. కంపెనీ గిడ్డంగిలో ఆయనకి తెలిసినవాళ్ళున్నారనీ, డబ్బాల్లో సర్దకముందే ఒక సెట్టు పంపారనీ. ఇదే కథ బావకి చెప్పి కవరు చేతిలో పెట్టాను. కథ చెబుతున్నంతసేపూ నా గొంతు నాకే వేరేవాడిదిలా వినబడింది.

బావ కిటికీ దగ్గర కూర్చుని మొదటి గుర్రాన్ని భూతద్దం కింద పెట్టుకున్నాడు. తోక చూశాడు, కాళ్ళు చూశాడు, తల చూశాడు. తల దగ్గర ఆగిపోయాడు. అటు తిప్పి, ఇటు తిప్పి, వెలుగుకి పెట్టి, మళ్ళీ చూశాడు. అక్క వంటగదిలో కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోంది.

చివరికి భూతద్దం దించి, "కంపెనీవాళ్ళకి నా మీద ఇంత ప్రేమ ఉందనుకోలేదురా," అన్నాడు. లేచి వెళ్ళి కుంచెల డబ్బా తెచ్చుకున్నాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు మేం బతికిన బతుకు పగవాడికి కూడా వద్దు. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకా, కిటికీ దగ్గర వెలుగు బాగున్నంతసేపే పని. ముందు ఫ్రిజ్ దగ్గర గళ్ళ కాగితం, తర్వాత గుర్రం. నేను రోజూ వర్క్‌షాపుకి వెళ్తూ దారిలో ఆగేవాణ్ణి. గడపలోంచే, "ఎన్నయ్యాయి?" అని అడిగేవాణ్ణి. రౌతుల మొహాలు ముందు వేసెయ్యమని పోరు పెట్టాను. అన్నిటికన్నా సన్న పని అదే కదా, కన్ను బాగున్నప్పుడే చెయ్యాలి కదా. వింటేగా. ఆయన పద్ధతిలో మొహం ఆఖరున వెయ్యాలి. ఒళ్ళంతా పూర్తికాకుండా మనిషికి చూపు ఇవ్వకూడదట.

"ఆ కంపెనీవాడు నయం బావా నీకన్నా," అన్నాను ఒకరోజు ఉండబట్టలేక. "తొందరెందుకు పడవు నువ్వు?"

"తొందరపడుతూనే ఉన్నానురా. చెయ్యి మాత్రం తొందరపడకూడదు."

ఎనిమిదో రౌతు దగ్గర గీతలు వంగాయి. ఆ రోజే పరిగెత్తాం. సూదిమందు వేశారు. వారం పాటు కుంచె పట్టొద్దన్నారు. ఆ వారం నేను చేసిన రెండు పళ్ళ సెట్లు వెనక్కి వచ్చాయి, ఒకటి పై దవడ, ఒకటి కింది దవడ, రెండూ తప్పే. గీతలు మళ్ళీ కాస్త తిన్నగా అయ్యాయి. తొమ్మిది, పది, పదకొండు. పన్నెండో వాడి కళ్ళు వెయ్యడానికి మూడు పొద్దులు పట్టాయి. ఒక మంగళవారం నేను గడపలో అడుగు పెట్టేసరికి జెండా పట్టుకున్నవాడు కిటికీ గట్టు మీద ఆరుతున్నాడు. నీలం జెండా, దాని మీద తెల్లటి అల. అక్క ఏడుస్తూ నవ్వుతోంది. బావ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా కూర్చున్నాడు.

తర్వాతి సోమవారం కౌంటరులో ఆయన మైకులో, "నలభై ఎనిమిది నంబరు వస్తోంది," అన్నాడు. జనం సంచులెత్తుకుని లేచారు. గేట్లోకి వచ్చింది నాలుగు వందల పద్దెనిమిది. మధ్య అంకె ఆయనకి కనబడలేదు. ఇరవై ఆరేళ్ళలో ఆయన "వస్తోంది" అన్న బస్సు రాకపోవడం అదే మొదటిసారి. ఒక ముసలావిడ కిటికీ దగ్గరికొచ్చి తిడుతూ ఉంటే, బావ మైకు ఆపేసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "క్షమించండమ్మా, నాకు కనబడటం లేదు," అన్నాడట. ఇది నాకు చెప్పిన డ్రైవరు మళ్ళీ ఆయన్ని 'విచారంగారూ' అనలేదు.

సూదిమందులు ఈసారి పనిచెయ్యలేదు. పక్కల నుంచి వెలుగు తెలుస్తుంది, తలుపు తెలుస్తుంది, నేను వచ్చానని నా బట్టల రంగుని బట్టి తెలుస్తుంది. మొహం తెలియదు. ఉద్యోగం నుంచి ముందే విరమణ తీసుకున్నాడు. అయినా పని పూర్తయిందిగా అని మాకు మేం చెప్పుకునేవాళ్ళం. నేను మరీ ఎక్కువగా చెప్పుకునేవాణ్ణి. అబద్ధం ఆడినా మంచి పని చేశాను అని, పడుకునే ముందు నా వీపు నేనే తట్టుకునేవాణ్ణి.

రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం ముందుగదిలో కూర్చున్నాం. బావ ఫోనుకి వచ్చినవన్నీ పైకి చదివి వినిపించే ఏర్పాటు చేయించాం. ఫోను టింగుమంది. తర్వాత ఆ ఏడుపూ నవ్వూ లేని గొంతు, "మీరు ఎదురుచూస్తున్న ఏటి రౌతులు వచ్చే శనివారం విడుదల. తొలిసారిగా, సరికొత్తగా," అని చదివింది.

అక్క చేతిలో కప్పు అక్కడే ఆగిపోయింది. తొలిసారిగా అంటే ఏమిటో బావకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. నాకు అప్పుడు గానీ తట్టలేదు నేను చేసిన పని ఏమిటో. ఆయనకి నాలుగు నెలల చూపు మిగిలింది. ఆ చూపంతా నేను తీసుకెళ్ళి నా పంటి రెజిన్ మీద పోయించాను. నేను వేలు పెట్టకపోతే కంటికి అంత శ్రమ ఉండేది కాదేమో, ఇంకో రెండు నెలలు ఆగేదేమో, అసలు గుర్రాలు అందుకునేవాడేమో. లెక్కలన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి.

"బావా," అన్నాను. "అవి నేను చేసినవి. మన్నించు బావా. నీ కళ్ళు నేనే వృథా చేశాను."

"పళ్ళు," అన్నాడు బావ.

"ఏంటి?"

"గుర్రానికి ముందు పళ్ళ తర్వాత ఖాళీ ఉంటుందిరా. కళ్ళెం పడేది అక్కడే. సాయంత్రం ఆరున్నర బస్సుకి రోజూ వచ్చే పశువుల డాక్టర్ని అడిగాను. మొదటిరోజు కళ్ళేనికి రంగు వేద్దామని చూస్తే పెట్టడానికి చోటేది? ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వరసగా పళ్ళు పెట్టేశావు. నోట్లో ఖాళీ కనబడితే నింపకుండా ఉండలేనివాడు నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు."

పదమూడు గుర్రాలు. పదమూడింటికీ అదే తప్పు. ఇరవై ఏళ్ళ అలవాటు. ఎక్కడ సందు కనబడినా ఒక పన్ను కట్టెయ్యడం.

"మొదటిరోజే తెలిస్తే ఎందుకు చెప్పలేదు?" నాకు కోపం వచ్చేసింది. ఏడుపు రావలసిన చోట నాకు ఎప్పుడూ కోపమే వస్తుంది. "అసలువి కావని తెలిసి నాలుగు నెలలు కళ్ళు పొడుచుకుని ఎందుకు కూర్చున్నావు? అసలువొచ్చేదాకా దాచుకోవచ్చుగా చూపుని."

"దాచుకుంటే ఉండేదా?" అన్నాడు. "మూడేళ్ళు వాళ్ళకేసి చూశానురా. వాళ్ళకి నేనెవరో తెలియదు. నువ్వు తిండీ నిద్రా మాని నా కోసం ఒక్కో కాలూ చెక్కావు. నాకు కనబడిన ఆఖరి సన్న పని నీ చేతిదైంది. నాకేం తక్కువైంది?"

అక్క కప్పు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ముక్కు చీదిన చప్పుడు వినబడింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. నాకూ ఏమీ కనబడలేదు.

కాసేపటికి, షాపులో జాబితాలో మొదటి పేరు నీదే ఉంది, శనివారం వెళ్ళి తెస్తాను అన్నాను.

"నా తర్వాత ఎవరి పేరుందో వాళ్ళకిచ్చెయ్యమను," అన్నాడు. "వాళ్ళూ మూడేళ్ళుగా నిలబడి ఉంటారు. బల్ల వెయ్యి."

"ఇప్పుడా?"

"ఆదివారమేగా. ఏటి దండు పూర్తయ్యాక మనం ఒక్క యుద్ధం కూడా ఆడలేదు."

బల్ల వేశాను. ఆయన దండు నూట నలభై ఇద్దరినీ ఆయన చెప్పిన చోట్లలో నిలబెట్టాను. ఎవరెక్కడ నిలబడాలో ఆయనకి కంఠతా వచ్చు. చివరికి రౌతుల్ని తెచ్చి కుడివైపు రెండు వరసల్లో పెట్టాను, ముందు జెండా. నా కొండ దండుని ఎదురుగా నిలిపాను. నావాళ్ళ కదలికలన్నీ అబద్ధం లేకుండా పైకి చెబుతూ జరిపాను. ఎంత వద్దనుకున్నా నా విలుకాళ్ళ గుంపు ఒకటి ఆయన రౌతులకి ఎదురుపడింది. నియమం ప్రకారం రౌతులు దూకాలంటే ఒక పాచిక వెయ్యాలి. ఏది పడినా దూకుతారు. ఒకటి పడితే మాత్రం గుర్రాలు బెదిరి వెనక్కి వచ్చేస్తాయి.

"దూకుతున్నాం," అన్నాడు బావ. పదకొండేళ్ళలో ఆయన గొంతు అంత గట్టిగా ఎప్పుడూ లేదు. చెయ్యి చాచాడు. పాచిక అరచేతిలో పెట్టాను. విసిరాడు. అది బల్ల మీద దొర్లి, జెండావాడి గుర్రం ముందు ఆగింది.

"ఎంత?" అన్నాడు.

పాచిక మీద ఒక్కటే చుక్క ఉంది. అప్పుడే లోపలి నుంచి వచ్చిన అక్క కూడా చూసింది. నాకేసి చూసి, వద్దు, చెప్పకు అన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆరు అంటే సరిపోతుంది. ఎవడు చూడొచ్చాడు? మూడేళ్ళు ఎదురుచూసిన గుర్రాలు, ఒక్కసారి దూకితే ఎవడి సొమ్ము పోయింది? ఆరు అన్న మాట నా నాలిక చివరిదాకా వచ్చేసింది.

"ఒకటి పడింది బావా," అన్నాను.

"తెలుసు," అన్నాడు. "నువ్వింతసేపు ఆగినప్పుడే తెలిసింది. గుర్రాల్ని వెనక్కి తీసుకురా."

నేను టేపు తీసి, దూరం కొలిచి, పదమూడింటినీ ఒక్కొక్కటిగా వెనక్కి జరిపాను.